రీస్టార్ట్ కొట్టకుండా ఐపీ అడ్రస్ కొత్తగా తెచ్చుకోవడం ఎలా

పొద్దున తొమ్మిదీ నలభైకి ఫోను మోగింది. కొర్లగుంటలో నెట్ సెంటర్ నడిపే మిత్రుడు. "సామీ, మూల మిషన్‌కి నెట్టు రాలేదు. పదింటికి మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదులుతారు. రీస్టార్ట్ కొట్టేదా?"

"వద్దు సామీ, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. ఆ మిషన్ సంగతి నాకు తెలుసు. ఆరుగురు యాత్రికుల పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో కొట్టి పెట్టుకుని ఉంటాడు, సేవ్ చేసి ఉండడు. పైగా మూడు రోజులుగా ఒక విండోస్ అప్‌డేట్ కాచుకుని కూర్చుంది. ఇప్పుడు రీస్టార్ట్ కొడితే గుండ్రంగా తిరిగే చుక్కలు చూస్తూ పది దాటిపోతుంది.

నేను తిరుపతిలో లాడ్జీలకు, నెట్ సెంటర్లకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. నెట్టు ఆగిందనగానే అందరి చెయ్యీ పవర్ బటన్ మీదికే పోతుంది. రీస్టార్ట్‌తో బాగయ్యే మాట నిజమే. కానీ చాలాసార్లు అక్కడ జరిగేది ఒక్కటే: మిషన్ తన ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో తనను గుర్తుపట్టే నంబరును, వదిలి మళ్లీ అడిగి తెచ్చుకుంటుంది. ఆ ఒక్క పనిని మిగతావేవీ ఆపకుండా అర నిమిషంలో చేయించవచ్చు. అదెలాగో, ఎక్కడ పనిచేయదో రెండూ చెబుతాను.

కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, ఫోన్‌లో చెప్పినట్టే. కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

అడ్రస్ అంటే అద్దె రూము

తిరుపతి వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మీ రౌటర్ ఒక లాడ్జి కౌంటర్. దాని దగ్గర కొన్ని రూము నంబర్లుంటాయి. మిషన్ ఆన్ కాగానే "ఇక్కడ రూములిచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని నెట్‌వర్క్ అంతా వినబడేలా కేకేస్తుంది. "37 ఖాళీగా ఉంది, కావాలా?" అంటుంది రౌటర్. "37 నాకే రాయండి" అంటుంది మిషన్. "రాశాం, 24 గంటలు నీదే" అని రౌటర్ ఖాయం చేస్తుంది. ఈ నాలుగు మాటలకు పేర్లు డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్‌నాలెడ్జ్. ఈ పద్ధతి మొత్తాన్ని డీహెచ్‌సీపీ అంటారు. ఇప్పుడు మనం వాడే రూపం 1997లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2131 అనే పత్రంలో ఉంది.

గడువు విషయంలో లాడ్జి వాళ్ల కంటే మిషన్‌కే ముందుచూపు ఎక్కువ. 24 గంటల లీజు అనుకుందాం. సగం గడిచాక, అంటే 12 గంటలప్పుడు, తనకు అడ్రస్ ఇచ్చిన రౌటర్‌నే నేరుగా అడుగుతుంది, ఇంకొన్నాళ్లు పొడిగించమని. జవాబు రాకపోతే 21వ గంటకు, ఎనిమిదో వంతు గడువు మిగిలినప్పుడు, ఎవరైనా సరే పొడిగించండని మళ్లీ అందరికీ కేకేస్తుంది. అప్పటికీ ఎవరూ పలక్కపోతే 24 నిండగానే ఖాళీ చేయాల్సిందే. మనకు తెలియకుండానే ఇదంతా రోజూ జరిగిపోతుంటుంది. మనం చేత్తో చేయబోయేది ఆ అడగడాన్ని ఇప్పుడే అడిగించడం, అంతే.

ముట్టుకునే ముందు చూడాలి

అడ్రస్‌ను వదిలేయడం రిలీజ్, మళ్లీ అడగడం రెన్యూ. నేను మొదట రిలీజ్ చేయమనను, చదవమంటాను. ఈ మెట్టు దాటేసి గబగబా కమాండ్లు కొట్టేవాళ్లు గంట తర్వాత కూడా అక్కడే కూర్చుని ఉంటారు.

విండోస్‌లో స్టార్ట్ నొక్కి సీ, ఎం, డీ అని మూడు అక్షరాలు కొట్టండి. కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది. మామూలుగా ఎంటర్ కొట్టకుండా కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని ఎంటర్ కొట్టండి. అనుమతి అడిగితే ఎస్ అనండి. ఇలా అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే తర్వాత రెన్యూ చేసేటప్పుడు "ఈ పనికి ఎలివేషన్ కావాలి" అని మొండికేస్తుంది. నల్ల కిటికీ వచ్చాక:

ఐపీకాన్ఫిగ్ /ఆల్

ఐపీకాన్ఫిగ్ ఒకే పదం, మధ్యలో ఖాళీ లేదు. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉన్న కీ మీది గీత. వెనక్కి వాలేది కాదు. ఫోన్‌లో ఎక్కువసేపు పట్టేది ఈ గీత దగ్గరే.

చాంతాడంత జాబితా వస్తుంది. భయపడక్కర్లేదు. కేబుల్ అయితే ఈథర్నెట్ అడాప్టర్ అన్న భాగం, వైఫై అయితే వైర్‌లెస్ లాన్ అడాప్టర్ అన్న భాగం చూడండి. బ్లూటూత్‌నీ, వర్చువల్ అన్న పేరున్న వాటినీ వదిలేయండి. చూడాల్సిన వరసలు ఇవి: ఐపీవీ4 అడ్రస్ (మనం మాట్లాడుకుంటున్న నంబరు ఇదే), డిఫాల్ట్ గేట్‌వే (అంటే రౌటర్ నంబరు), డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్, డీహెచ్‌సీపీ సర్వర్, లీజ్ ఎక్స్‌పైర్స్. అక్కడున్న దాన్ని బట్టి దారి మారుతుంది.

అడ్రస్ 169.254తో మొదలైతే మిషన్ కేకేసింది గానీ ఎవరూ పలకలేదని అర్థం. రూము దొరక్క బస్టాండు అరుగు మీద తువ్వాలు పరుచుకున్నట్టు తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. అదే అరుగు మీదున్న పక్కవాళ్లతో మాట్లాడగలదు, ఊరు దాటలేదు. ఇక్కడ రెన్యూ చేసి చూడాల్సిందే, కానీ తప్పు బయట ఉండే అవకాశం ఎక్కువ.

అడ్రస్ 192.168 లేదా 10తో మొదలై, గేట్‌వే కూడా కనిపిస్తుంటే రూము దొరికినట్టే. నెట్టు ఆగడానికి కారణం వేరే కావచ్చు. పింగ్ అని కొట్టి ఒక ఖాళీ వదిలి గేట్‌వే నంబరు ఇవ్వండి. రిప్లై వస్తే పింగ్ 8.8.8.8 కొట్టండి. గేట్‌వే పలికి, ఇది పలక్కపోతే లోపం చాలావరకు మీ మిషన్‌లో కాదు, బయటి లైన్‌లో ఉంటుంది. రెండూ పలికి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర చిక్కు. దానికి ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్ కొట్టి చూడండి.

మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే కమాండ్లు మూసేసి కేబుల్ చూడండి.

డీహెచ్‌సీపీ ఎనేబుల్డ్ ఎదురుగా నో అని ఉంటే ఎవరో చేత్తో స్థిరమైన అడ్రస్ రాసిపెట్టారు. అద్దెకే తీసుకోని రూమును ఖాళీ చేయించలేం కదా. అలాంటి చోట రిలీజ్ కొడితే "ఈ పనికి అనువైన స్థితిలో ఏ అడాప్టరూ లేదు" అనే అర్థం వచ్చే మాట ఎదురవుతుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి పోయి, ఐపీ అసైన్‌మెంట్ దగ్గర మాన్యువల్ తీసి ఆటోమేటిక్ పెడితే అదే అడిగి తెచ్చుకుంటుంది. కానీ ఆ నంబరు ఎందుకు పెట్టారో కనుక్కోకుండా మార్చవద్దు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న మిషన్‌కి కావాలనే అలా పెడతారు. పాత నంబర్లన్నీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

రెన్యూ ముందు, రిలీజ్ తర్వాత

చాలామంది నేర్పే వరస రిలీజ్, ఆపైన రెన్యూ. నేను తిరగేసి చెబుతాను. ముందు ఇది ఒక్కటే కొట్టండి:

ఐపీకాన్ఫిగ్ /రెన్యూ

ఇది రూము ఖాళీ చేయకుండానే కౌంటర్‌కి వెళ్లి గడువు పొడిగించమనడం లాంటిది. రౌటర్ సరేనంటే ఉన్న అడ్రస్‌తోనే కొత్త లీజు వస్తుంది, నడుస్తున్న డౌన్‌లోడ్ కూడా తెగదు. మళ్లీ ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొట్టి లీజ్ ఆబ్‌టెయిన్డ్ వరస చూడండి. ఇప్పటి టైము కనిపిస్తే పని అయినట్టు.

దీంతో కుదరకపోతే అప్పుడు:

ఐపీకాన్ఫిగ్ /రిలీజ్
ఐపీకాన్ఫిగ్ /రెన్యూ

రిలీజ్ కొట్టగానే ఆ మిషన్‌లో ఐపీవీ4 అడ్రస్ మాయమవుతుంది. నెట్టు పూర్తిగా తెగుతుంది. కంగారు పడకండి, అలాగే జరగాలి. ఎక్సెల్, వర్డ్, బ్రౌజర్‌లో తెరిచిన ట్యాబ్‌లు అన్నీ అలాగే ఉంటాయి. నెట్‌వర్క్ ప్రింటర్‌కు పంపిన ప్రింటు, సగంలో ఉన్న అప్‌లోడ్ మాత్రం తెగిపోవచ్చు. యూపీఐ గానీ కార్డు పేమెంట్ గానీ నడుస్తుంటే అది ముగిసేదాకా రిలీజ్ జోలికి పోవద్దు. డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే ఆ టెన్షన్ ఎవరు పడతారు?

రెన్యూ కొట్టాక కర్సర్ మిణుకుమిణుకుమంటూ ఊరుకుంటుంది. రెండు సెకన్లలో రావచ్చు, ఒక్కోసారి నిమిషం పట్టొచ్చు. ఆ లోపు మళ్లీ మళ్లీ ఎంటర్ కొట్టకండి. "డీహెచ్‌సీపీ సర్వర్‌ను అందుకోలేకపోయాం, టైమవుట్ అయింది" అనే అర్థంతో ఇంగ్లీషు వాక్యం వస్తే కింద చెప్పే లాడ్జి కథ చదవండి.

ఒకే మిషన్‌కి కేబుల్, వైఫై రెండూ ఉంటే ఒక్కదాన్నే తిప్పవచ్చు. రెన్యూ తర్వాత ఖాళీ ఇచ్చి అడాప్టర్ పేరు కొట్టాలి. పేరులో ఖాళీలుంటే రెండువైపులా కోట్ గుర్తులు పెట్టండి. బద్ధకమనిపిస్తే మొదటి మూడక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెట్టినా సరిపోతుంది, ఈటీహెచ్* అన్నట్టు.

ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రస్‌కు విడిగా రిలీజ్6, రెన్యూ6 ఉన్నాయి. ఇళ్లలో ఆ అడ్రస్‌ను మిషన్ చాలావరకు రౌటర్ ప్రకటనలు విని తానే తయారుచేసుకుంటుంది కాబట్టి వాటి అవసరం నాకు పెద్దగా పడలేదు.

దూరం నుంచి చేసేవాళ్లకు

ఇది నా సొంత తప్పు. ఒక వానాకాలం రాత్రి, రైల్వే స్టేషన్ దగ్గరి లాడ్జి కౌంటర్ మిషన్‌ను ఇంట్లో కూర్చుని రిమోట్‌లో చూస్తున్నాను. ప్రింటర్ కనిపించడం లేదన్నారు. అలవాటుగా ఐపీకాన్ఫిగ్ /రిలీజ్ కొట్టేశాను. ఎంటర్ మీంచి వేలు తీసేలోపే తెర ఆగిపోయింది. నేను ఏ కొమ్మ మీద కూర్చున్నానో ఆ కొమ్మనే నరికాను. రెన్యూ కొడదామంటే దారి లేదు. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు నిద్రపోయాడు, ఫోను ఎత్తలేదు. రెయిన్‌కోటు వేసుకుని స్కూటర్ మీద బయల్దేరాను, ఒకే ఒక్క కమాండ్ కొట్టి రావడానికి.

అప్పట్నుంచి రెండింటినీ ఒకే వరసలో ముడేస్తాను. ఐపీకాన్ఫిగ్ /రిలీజ్, ఒక ఖాళీ, ఆంపర్‌శాండ్ గుర్తు, అంటే అంకె 7 మీద ఉండే & గుర్తు, మళ్లీ ఖాళీ, ఐపీకాన్ఫిగ్ /రెన్యూ. మొత్తం రాశాకే ఎంటర్. మొదటిది తెంపినా రెండోది అక్కడి మిషన్ తనంతట తానే నడుపుతుంది. కాసేపటికి రిమోట్ మళ్లీ కలుస్తుంది. గుర్తు ఒక్కసారే పెట్టండి. && అని రెండుసార్లు పెడితే మొదటిది సజావుగా అయితేనే రెండోది నడుస్తుంది. మనకు కావాల్సింది ఏమైనా సరే నడవడం. విండోస్ 11లో టెర్మినల్ తెరిస్తే మామూలుగా పవర్‌షెల్ వస్తుంది. అందులో ఈ గుర్తు పనిచేయదు, బదులుగా సెమీకోలన్ పెట్టాలి.

కమాండ్లు ఇష్టం లేకపోతే

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ చుక్క సీపీఎల్ అని కొట్టండి. అడాప్టర్ల బొమ్మలు వస్తాయి. దాని మీద కుడి క్లిక్, డిసేబుల్. అయిదు సెకన్లాగి మళ్లీ కుడి క్లిక్, ఎనేబుల్. లేదా కేబుల్ పీకి పెట్టండి. ఇవి కూడా మిషన్‌తో అడ్రస్‌ను మళ్లీ అడిగిస్తాయి. రిమోట్‌లో ఉండి డిసేబుల్ నొక్కారంటే మాత్రం నా వానకథ మీకూ తప్పదు.

మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైఫై, డీటెయిల్స్, టీసీపీ/ఐపీ వరసగా వెళ్తే రెన్యూ డీహెచ్‌సీపీ లీజ్ అనే బటన్ ఉంటుంది. ఐఫోన్‌లో వైఫై పేరు పక్కన ఐ గుర్తు నొక్కితే కిందికి రెన్యూ లీజ్ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో వైఫై ఆపి ఆన్ చేయండి, కుదరకపోతే నెట్‌వర్క్‌ను ఫర్‌గెట్ చేసి పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వండి.

ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ షో అని కొడితే కనెక్షన్ పేర్లు వస్తాయి. ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ అప్ అని కొట్టి ఆ పేరు ఇస్తే కనెక్షన్ కొత్తగా ఎత్తుకుంటుంది. పాత పాఠాల్లో డీహెచ్‌క్లయింట్ కమాండ్ నేర్పిస్తారు. నెట్‌వర్క్‌మేనేజర్ నడుస్తున్న మిషన్‌లో దాన్ని విడిగా నడిపితే ఒకే కార్డుకు రెండు అడ్రస్‌లు తగులుకునే ప్రమాదముంది, వద్దు.

వీడియోలు చూసి నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ కూడా కొట్టేవాళ్లున్నారు. అది వేరే రోగానికి మందు. పైగా అది పూర్తి కావాలంటే రీస్టార్ట్ చేయాలి. మనం తప్పించుకోవాలనుకున్నదే అది.

మళ్లీ అదే నంబరు ఎందుకు వచ్చింది?

ఖాళీ చేసి మళ్లీ తీసుకున్నా తరచూ అదే 37 వస్తుంది. అది తప్పు కాదు. ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ మ్యాక్ అడ్రస్ అనే ఒక గుర్తింపు నంబరు ఉంటుంది (యాపిల్ మ్యాక్‌తో దీనికి సంబంధం లేదు), రౌటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. పాత కస్టమర్ వస్తే వీలైనంతవరకు పాత రూమే ఇమ్మని ఆ ఆర్ఎఫ్‌సీలోనే ఉంది. మనకు కావాల్సింది తాజా లీజు, కొత్త నంబరు కాదు. తప్పనిసరిగా వేరే నంబరే కావాలంటే రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అన్న చోట ఆ మ్యాక్ అడ్రస్‌కు నచ్చిన నంబరు రాసి, అప్పుడు రిలీజ్, రెన్యూ చేయండి.

ఇంకో అపోహ. "ఐపీ మారిస్తే టికెట్ల సైటు మనల్ని కొత్తవాళ్లనుకుంటుందా?" అని నెట్ సెంటర్లలో అడుగుతుంటారు. అనుకోదు. మీ మిషన్‌కున్న 192.168 నంబరు ఇంటి లోపలిది. 1994లోనే ఇలాంటి నంబర్లను లోపలి వాడకానికని పక్కన పెట్టారు. చిత్తూరు గిరింపేటలో మా బావ షాపులోనూ 192.168.1.37 ఉండొచ్చు, మీ ఇంట్లోనూ ఉండొచ్చు. సైటుకు కనిపించేది రౌటర్ బయటివైపు ఉన్న నంబరు. ఐపీవీ4లో మొత్తం నంబర్లే దాదాపు 429 కోట్లు, పంచడానికి ప్రపంచ స్థాయిలో మిగిలిన నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. అందుకే చాలామంది ప్రొవైడర్లు ఒకే బయటి నంబరును ఎన్నో ఇళ్లకు పంచుతారు. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే ఆ బయటివైపు నంబరు, 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరూ ఆ పంపకంలో ఉన్నట్టే, రౌటర్ ఆపి వేసినా బయటి నంబరు మారుతుందన్న నమ్మకం లేదు. టికెట్ల క్యూలో ఉండగా రౌటర్‌ను కెలికితే సైటు మళ్లీ లాగిన్ అడిగినా అడగొచ్చు.

రూములే లేకపోతే రెన్యూ ఏం చేస్తుంది?

బస్టాండు దగ్గర అరవై రూముల లాడ్జి. సాయంత్రమైతే కౌంటర్ మిషన్‌కి 169.254 వచ్చేది, పొద్దునకు దానంతట అదే సర్దుకునేది. కుర్రాళ్లు రోజూ రిలీజ్, రెన్యూ కొట్టి కొట్టి విసిగిపోయారు. రౌటర్‌లో చూస్తే అడ్రస్‌ల వరస 100 నుంచి 199 దాకా, అంటే వంద. లీజు 24 గంటలు. ఒక్కో రూములో నలుగురు దిగితే నాలుగు ఫోన్లు. పొద్దున దర్శనమై కాణిపాకం బస్సెక్కిన కుటుంబం రూము తాళం కౌంటర్‌లో ఇచ్చి పోతుంది గానీ, వాళ్ల ఫోన్లు అడ్రస్ తాళాలు ఇచ్చి పోవు. వైఫై పరిధి దాటగానే మాట్లాడకుండా వెళ్లిపోతాయి. గడువు తీరేదాకా రౌటర్ ఆ నంబర్లను వాళ్ల పేరు మీదే ఉంచుతుంది. సాయంత్రం దిగిన కొత్తవాళ్లకు, వాళ్లతో పాటు మన కౌంటర్ మిషన్‌కు, నంబరు లేదు.

అక్కడ చేసింది మూడు పనులు. వరసను 20 నుంచి 250 దాకా పెంచాను, 231 నంబర్లయ్యాయి. లీజును రెండు గంటలకు కుదించాను. కౌంటర్ మిషన్‌కీ, ప్రింటర్‌కీ రిజర్వేషన్ పెట్టాను. నిజానికి యాత్రికుల వైఫైని పూర్తిగా వేరే నెట్‌వర్క్ చేయాలి, ఓనర్‌కు చెప్పాను, దసరా తర్వాత చూద్దామన్నారు. ఏ దసరా అన్నది చెప్పలేదు.

రెన్యూ కొట్టిన ప్రతిసారీ ఒక్కో రకం అడ్రస్ వస్తుంటే, ఒకసారి 192.168.1, మరోసారి 192.168.0, మీ ఇంట్లో రెండు కౌంటర్లు తెరుచుకున్నాయి. ఎవరో వైఫై అందడం లేదని రెండో రౌటర్ కొని దాని లాన్ పోర్టులో కేబుల్ గుచ్చారు. ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ వరస ఎవరు ఇచ్చారో పట్టిస్తుంది. రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేయండి.

ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అని విండోస్ చెబితే ఒకే రూము ఇద్దరికి పడింది. నేను మొదట అనుమానించేది ప్రింటర్‌ను. దానికెవరో చేత్తో నంబరు రాసి ఉంటారు, ఆ నంబరు రౌటర్ పంచే వరసలోనే ఉంటుంది. మీ మిషన్‌లో రిలీజ్, రెన్యూ కొడితే ఆ పూటకు తప్పించుకుంటారు, ప్రింటర్ నంబరును వరస బయటికి మారిస్తే శాశ్వతంగా.

ఇక కొర్లగుంట సంగతి. ఐపీకాన్ఫిగ్ /ఆల్ చదివించాను. "169.254 అని ఉండాది సామీ." రెన్యూ కొట్టించాను, టైమవుటైంది. అప్పటికి తొమ్మిదీ నలభై ఎనిమిది. మిగతా మూడు మిషన్లు బాగానే ఉన్నాయి కాబట్టి రౌటర్ బతికే ఉంది. మూల మిషన్, దాని పక్క ప్రింటర్ ఒక చిన్న నెట్‌వర్క్ స్విచ్‌కి (ఒకే కేబుల్‌ను పలు మిషన్లకు పంచే పెట్టె) ఉన్నాయి, అక్కణ్నుంచి ఒకే కేబుల్ రౌటర్‌కి వస్తుంది. మిషన్ నుంచి స్విచ్ దాకా లైటు వెలుగుతోంది కాబట్టి విండోస్ కేబుల్ తెగిందనలేదు. "రౌటర్ వెనకాల చూడు సామీ, ఏదైనా ఊడిందా?" బల్ల జరిపిన చప్పుడు, కాసేపు మౌనం. పొద్దున ఊడ్చేటప్పుడు కదిలినట్టుంది, క్లిప్పు విరిగిన కేబుల్ సగం బయటికొచ్చి వేలాడుతోంది. లోపలికి నొక్కి, పైన సెల్లోటేపు అంటించి, మళ్లీ రెన్యూ కొట్టాడు.

"37 వచ్చింది సామీ, పెట్టేస్తా ఉండా" అని ఫోను పెట్టేశాడు. తొమ్మిదీ యాభై మూడు.